ముందు ఖాళీ త్రాసు చూడు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"మీ వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పండి, కాకపోతే పిల్లలు జడుసుకోకుండా చెప్పండి" అని కార్యదర్శిగారు ఫోన్‌లో అన్నారు. నా వృత్తి ఎలక్ట్రానిక్స్. కొలిచే పరికరాలకు సర్క్యూట్లు తయారుచేయడం నా పని. ఆ పనికి మూలమైన వస్తువునొకదాన్ని జేబులో వేసుకొచ్చాను. వేలి గోరంత నల్లటి ముక్క. పక్కకి నాలుగు చొప్పున ఎనిమిది కాళ్లు. దీని పేరు 741. ఇది ఆపరేషనల్ యాంప్లిఫయర్ అనే జాతికి చెందింది. మేం క్లుప్తంగా ఆప్ ఆంప్ అంటాం. దీన్ని నేను రెండుసార్లు నేర్చుకోవలసి వచ్చింది. మొదటిసారి మార్కుల కోసం. రెండోసారి, నావల్ల ఒక మనిషికి నష్టం జరిగాక. ఆ రెండోసారి నేర్చుకున్న పాఠాన్ని మన సైన్సు మాస్టారు నాకు తొమ్మిదో తరగతిలోనే చెప్పారు. అందుకే ఈ కథ చెప్పడానికి ఇదే సరైన చోటు అనుకుంటున్నాను.

1984కి ముందు ఇక్కడ చదివినవాళ్లకు మన ప్రయోగశాల గుర్తుండే ఉంటుంది. వరండా చివర గది. కిటికీ పక్కన బల్ల మీద గాజు పెట్టెలో సున్నితమైన త్రాసు. ఆ పెట్టె తాళంచెవిని మాస్టారు తన ప్రాణంలా చూసుకునేవారు. మా వంతు వచ్చిన రోజున నేను ఆత్రంగా ఇత్తడి దిమ్మని పళ్లెంలో పెట్టబోతే నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ముందు ఖాళీ త్రాసు చూడు. ముల్లు ఎక్కడ నిలిచిందో రాసుకో. ఆ తరవాతే తూకం" అన్నారు. రెండు పళ్లేలూ ఖాళీగా ఉన్నా ముల్లు సున్నా దగ్గర నిలవలేదు. ఒక గీత పక్కకి ఒరిగింది. మాస్టారు నవ్వి, "మీ ఊరి కొట్లో తక్కెడకి పాసంగం కట్టేది ఇందుకేరా" అన్నారు. పాసంగం అంటే ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. తక్కెడలో రెండు పళ్లేలూ సమానంగా తూగకపోతే, తేలికగా ఉన్నవైపు కట్టే చిన్న రాయి. పరీక్షలో అడిగే ప్రశ్న కాదు కాబట్టి నేను ఆ మాట అక్కడే వదిలేశాను.

ఇంజనీరింగ్‌కి వెళ్లాను. తెలుగు మీడియం నుంచి వెళ్లినవాణ్ణి. అర్థంకాని చోట బట్టీ పట్టడం నాకు అలవాటైపోయింది. ఆప్ ఆంప్ పాఠాన్నీ అలాగే చదివాను. ఇన్వర్టింగ్ సర్క్యూట్‌కి ఒక సూత్రం, నాన్ ఇన్వర్టింగ్‌కి ఒకటి, కూడికకి ఒకటి, తీసివేతకి ఒకటి, ఇంటిగ్రేటర్‌కి ఒకటి. ఇన్ని లెక్కలు ఇందులోకి ఎందుకొచ్చాయంటే దాని పుట్టుకే అలాంటిది. అంకెల కంప్యూటర్లు రాకముందు వోల్టేజీలతోనే లెక్కలు చేసే అనలాగ్ కంప్యూటర్లు ఉండేవి. కూడిక, ఇంటిగ్రేషన్ లాంటి గణిత క్రియల్ని, అంటే ఆపరేషన్లని చేసే యాంప్లిఫయర్ కాబట్టి ఆపరేషనల్ యాంప్లిఫయర్. జాన్ రాగజ్జినీ, ఆయన సహచరులు 1947లో రాసిన పరిశోధన పత్రంతో ఆ పేరు స్థిరపడింది. ఆ తరవాత కొన్నేళ్లకు జార్జ్ ఫిల్‌బ్రిక్ సంస్థ అమ్మిన కె2-డబ్ల్యూ అనే ఆప్ ఆంప్‌లో వాక్యూమ్ ట్యూబులుండేవి. దానికి ప్లస్ 300, మైనస్ 300 వోల్టుల సరఫరా కావాలి. 1968లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో డేవ్ ఫుల్లగర్ రూపకల్పన చేసిన 741 వచ్చాక అదంతా ఈ గోరంత ముక్కలోకి వచ్చేసింది.

సూత్రాలన్నీ కంఠస్థం చేశాను. థియరీలో మంచి మార్కులు వచ్చాయి. ప్రాక్టికల్ పరీక్షలో మాత్రం ఎగ్జామినర్ నాకు తెలిసిన సర్క్యూట్‌లోనే చిన్న మార్పు చేశారు. ఒక్క రెసిస్టర్ ఉండాల్సిన చోట మూడింటిని ఇంగ్లీషు టీ అక్షరంలా కలిపి, "దీని గెయిన్ ఎంత?" అన్నారు. నా దగ్గరున్న అయిదు సూత్రాల్లో ఏదీ దానికి అతకలేదు. తెల్లమొహం వేశాను.

ఆ సాయంత్రం కాంటీన్ దగ్గర ల్యాబ్ అసిస్టెంట్‌గారు నన్ను పిలిచి కూర్చోబెట్టారు. "సూత్రాలు మర్చిపో బాబూ. మైనస్ కాలు మీద వేలు పెట్టు. ఇక్కడికి కరెంటు ఎటునుంచి వస్తోంది, ఎటు పోతోంది, అంతే అడుగు" అన్నారు. పిల్లలకు కూడా తెలియాలి కాబట్టి ఆయన చెప్పింది నా మాటల్లో చెబుతాను.

ఆప్ ఆంప్‌ని మన త్రాసులా ఊహించుకోండి. దానికి రెండు పళ్లేలు: ప్లస్ కాలు, మైనస్ కాలు. ముల్లు అంటే అవుట్‌పుట్ కాలు. రెండు పళ్లేల మధ్య ఉన్న తేడాని అది దాదాపు 2,00,000 రెట్లు పెంచి చూపిస్తుంది. 50 మైక్రోవోల్టులు, అంటే వోల్టులో ఇరవై వేలవ వంతు తేడా ఉంటే చాలు, ముల్లు 10 వోల్టులకు పోతుంది. ఒక్క మిల్లీవోల్టు తేడా వస్తే 200 వోల్టులు ఇవ్వాలి. మనం ఇచ్చిన సరఫరా 15 వోల్టులే కాబట్టి అది గోడకి కొట్టుకుని ఆగిపోతుంది. ఊపిరి తగిలినా ఒరిగిపోయే త్రాసుతో ఏం తూస్తాం?

అందుకని ఒక చెయ్యి ఏర్పాటు చేస్తాం. ముల్లు ఒరగగానే, ఆ ఒరుగుడుకి తగ్గట్టు ఎదుటి పళ్లెంలో బరువు వేసి దాన్ని మళ్లీ సమానం చేసే చెయ్యి. అవుట్‌పుట్ నుంచి మైనస్ కాలికి తిరిగొచ్చే రెసిస్టరే ఆ చెయ్యి. దీన్ని నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే హెరాల్డ్ బ్లాక్‌కి ఈ ఆలోచన 1927 ఆగస్టు 2న, పొద్దున్నే పడవలో హడ్సన్ నది దాటుతూ ఉద్యోగానికి వెళ్తుండగా తట్టింది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే బొమ్మ గీసుకున్నాడు. కష్టపడి సంపాదించిన గెయిన్‌ని కావాలని పోగొట్టుకోవడం ఏమిటో చాలామందికి నమ్మశక్యం కాలేదు. పేటెంటు చేతికి రావడానికి తొమ్మిదేళ్లకు పైగా పట్టింది. 2,00,000 రెట్లు పెంచగలిగినదాన్ని 200 రెట్లకే కట్టడి చేస్తే, ఆ 200 మాత్రం నిక్కచ్చిగా ఉంటుంది. చిప్పు వేడెక్కినా, పాతబడినా, రెసిస్టర్లు మారనంతవరకు ఆ సంఖ్య దాదాపు మారదు.

ఈ చెయ్యి సరిగ్గా పనిచేస్తున్నంతసేపు రెండే నియమాలు. ఒకటి, రెండు కాళ్లలోకీ కరెంటు పోదు. రెండు, రెండు కాళ్ల వోల్టేజీ ఒకటే. ప్లస్ కాలు భూమికి కలిపి ఉంటే మైనస్ కాలు కూడా సున్నా దగ్గరే ఉన్నట్టు. ఇన్‌పుట్‌లో 0.1 వోల్టు పెట్టి, 1 కిలో ఓమ్ ద్వారా మైనస్ కాలికి పంపితే ఓమ్ నియమం ప్రకారం 0.1 మిల్లీఆంపియర్ వస్తుంది. అది కాల్లోకి దూరలేదు. 10 కిలో ఓమ్‌ల ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ గుండానే పోవాలి. దాని కొసల మధ్య 1 వోల్టు. ఒక కొస సున్నా దగ్గరుంది కాబట్టి అవుట్‌పుట్ మైనస్ 1 వోల్టు. ఇందులో పదో తరగతి దాటిన లెక్క ఏముంది? ఈ పద్ధతిలో చేస్తే టీ ఆకారపు సర్క్యూట్ పావుగంటలో తేలిపోయింది. ఆ రాత్రి అయిదు సూత్రాలనూ మళ్లీ నా అంతట నేను రాబట్టుకున్నాను. అవి వేర్వేరు సూత్రాలు కావనీ, ఒకే ప్రశ్నకి వచ్చిన జవాబులనీ అప్పుడు తెలిసింది.

ఇక నాకు ఆప్ ఆంప్ వచ్చేసిందనుకున్నాను. నిజానికి వచ్చింది విశ్లేషణ మాత్రమే. ఎవరో గీసిన సర్క్యూట్ ఏం చేస్తుందో చెప్పగలను. ఏ సర్క్యూట్ గీయాలో, అందులో ఏ విలువలు పెట్టాలో నిర్ణయించడం వేరే విద్య.

1991లో హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న కర్మాగారంలో చేరాను. అక్కడ ఉక్కు షాఫ్టుల్ని ఫర్నేస్‌లో 850 డిగ్రీలకు కాచి, నూనెలో ముంచి గట్టిపరుస్తారు. ఫర్నేస్ వేడిని కొలిచే పరికరం పాడైంది. కొత్తది కొనడానికి యజమానికి మనసొప్పలేదు. "నువ్వు చెయ్యగలవా?" అన్నారు. ఎందుకు చెయ్యలేను?

వేడిని పట్టేది కె రకం థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహాల తీగల జంట. డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు ఇస్తుంది. 850 దగ్గర దాదాపు 35 మిల్లీవోల్టులు. దాన్ని 200 రెట్లు పెంచితే 7 వోల్టులు. మీటరు నడపడానికి సరిపోతుంది. (గది వేడిని లెక్కలోకి తీసుకునే భాగం ఇంకొకటి ఉండేది. దాని సంగతి ఇక్కడ వదిలేస్తున్నాను.) కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి నాలుగు 741లు కొన్నాను. 200 రెట్లు అంటే రెండు రెసిస్టర్ల నిష్పత్తి కదా అని 10 కిలో ఓమ్, 2 మెగా ఓమ్ వేశాను. బల్ల మీద పరీక్షిస్తే కొద్దిగా తేడా చూపించింది. 741లో ఒకటో కాలు, అయిదో కాలు అందుకోసమే ఉన్నాయి. వాటికి ఒక ప్రీసెట్ కట్టి, తిప్పి సున్నా చేశాను. కదలకుండా దాని మీద నెయిల్ పాలిష్ చుక్క వేశాను. ఫర్నేస్ దగ్గర బిగించాం. బ్రహ్మాండంగా పనిచేసింది. యజమాని అందరి ముందూ భుజం తట్టారు.

ఎనిమిది నెలల తరవాత ఒక రాత్రి షిఫ్టులో చిప్పు కాలిపోయింది. షిఫ్టులో ఉన్న టెక్నీషియన్ ఐటీఐ చదివిన కుర్రాడు. పని తెలిసినవాడు. నా సొరుగులోంచి ఇంకో 741 తీసి టంకం పెట్టి, మీటరు కదలడం చూసుకుని పని మొదలుపెట్టాడు. తెల్లారి ఆ షాఫ్టుల్ని పరీక్షిస్తే గట్టిదనం రాలేదు. మొత్తం లోడు వెనక్కి వచ్చింది. "చిప్పు మార్చడం రాకుండా చెయ్యి పెట్టాడు" అన్నారు. కుర్రాణ్ణి పనిలోంచి ఆపేశారు.

సాయంత్రం నేను ఆ పరికరం ఊడదీసి బల్ల మీద పెట్టాను. ఇన్‌పుట్ కొసలు రెండూ కలిపేశాను. అంటే ఖాళీ పళ్లేలు. అవుట్‌పుట్ సున్నా ఉండాలి. మల్టీమీటర్ అర వోల్టు చూపించింది. అర వోల్టుని 200తో భాగిస్తే 2.5 మిల్లీవోల్టులు. దాన్ని 41 మైక్రోవోల్టులతో భాగిస్తే 60 డిగ్రీలు. మీటరు 850 చూపిస్తుంటే ఫర్నేస్ నిజంగా ఉన్నది 790 దగ్గర. కుర్రాడి టంకంలో ఏ లోపమూ లేదు.

జరిగింది ఇది. ఏ చిప్పులోనూ రెండు పళ్లేలు అచ్చంగా సమానంగా ఉండవు. ఆ తేడాని ఆఫ్‌సెట్ అంటారు. 741సి డేటా షీట్ తీసి చూస్తే గరిష్ఠంగా 6 మిల్లీవోల్టులు అని ఉంది. నా ఫర్నేస్ భాషలో దాదాపు 150 డిగ్రీలు! పైగా "కాళ్లలోకి కరెంటు పోదు" అన్న నియమం కూడా పూర్తి నిజం కాదు. మామూలుగా 80 నానో ఆంపియర్లు పోతాయి. నేను వేసిన 10 కిలో ఓమ్‌ల వల్ల అదొక్కటే 0.8 మిల్లీవోల్టు, అంటే ఇంకో 20 డిగ్రీలు. నేను ప్రీసెట్ తిప్పి సరిచేసింది మొదటి చిప్పు ఒరుగుడుని. ఆ పాసంగం ఆ త్రాసుకే. రెండో చిప్పు మరో వైపుకి ఒరిగేది. పాత పాసంగం అలాగే ఉంచి కొత్త త్రాసుతో తూస్తే ఇంకేమవుతుంది? మన మాస్టారు నా చెయ్యి పట్టుకుని ఆపిన క్షణం అప్పుడు గుర్తొచ్చింది.

ఈ మాట ఇన్నేళ్లుగా ఏ సభలోనూ చెప్పలేదు. ఇవాళ గురువుల ముందు చెబుతున్నాను. ఆ సాయంత్రమే నాకు నిజం తెలిసినా మూడు రోజులు నోరు విప్పలేదు. కొత్త ఉద్యోగం. ఇంటికి డబ్బు పంపాలి. నాన్న అప్పు ఇంకా తీరలేదు. మూడో రోజు పొద్దున గేటు బయట ఆ కుర్రాడు క్యారియర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పని పోయిందని ఇంట్లో చెప్పలేదట. నేరుగా యజమాని గదిలోకి వెళ్లి, కాగితం మీద లెక్క రాసి చూపించాను. తప్పు నా సర్క్యూట్‌ది అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నాకు ఆ ఏడు ఇంక్రిమెంట్ రాలేదు. కుర్రాణ్ణి మధ్యాహ్నం లోపలికి పిలిచారు. క్షమించమని అడిగితే అతను ఒక్క మాట అన్నాడు: "చిప్పు మారిస్తే ఆ స్క్రూ తిప్పాలని రాసి పెట్టుంటే తిప్పేవాణ్ణి కదా సార్."

డిజైన్ అంటే ఏమిటో ఆ మాటతో మొదలుపెట్టి మళ్లీ నేర్చుకున్నాను. ఈసారి గెయిన్ లెక్క ఆఖరున చేశాను. మొదట వేసుకున్న ప్రశ్న: ఎంత తప్పు ఒప్పుకోవచ్చు? షాఫ్టులకు 5 డిగ్రీలు. అంటే సుమారు 200 మైక్రోవోల్టులు. ఇన్‌పుట్ దగ్గర వచ్చే తప్పులన్నీ కలిసి అందులోనే ఇమడాలి. రెండో ప్రశ్న: ఆ రకంలో అన్నిటికంటే చెడ్డ చిప్పు పడినా సరిపోతుందా? 741కి అది సాధ్యం కాదు. ఓపీ-07 అనే చిప్పుంది. అందులో చవకరకానికి కూడా గరిష్ఠ ఆఫ్‌సెట్ 150 మైక్రోవోల్టులే. ప్రీసెట్ అవసరమే లేదు. మూడో ప్రశ్న: రెసిస్టర్ల నిష్పత్తి సరే, విలువలెంత? కాళ్లలోకి పోయే కరెంటు బాధ పెట్టకుండా 1 కిలో ఓమ్‌కి తగ్గిద్దామంటే ఇంకో చిక్కు. పొడుగాటి థర్మోకపుల్ తీగకి 10, 20 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. పాత సర్క్యూట్‌లో అది 1 కిలో ఓమ్‌కి తోడై గెయిన్‌ని ఒకటి రెండు శాతం తగ్గిస్తుంది. 850లో ఒక శాతమంటే ఎనిమిదిన్నర డిగ్రీలు. అందుకని థర్మోకపుల్‌ని నేరుగా ప్లస్ కాలికి కలిపే నాన్ ఇన్వర్టింగ్ పద్ధతికి మారాను. అక్కడ తీగ నిరోధం లెక్కలోకి రాదు. 1 కిలో ఓమ్, 200 కిలో ఓమ్ వేస్తే గెయిన్ 201. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌కి అడ్డంగా 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే సెకనుకి ఒకసారి కంటే వేగంగా ఊగేవన్నీ అణగిపోతాయి. ఫర్నేస్ వేడి నిదానంగా మారుతుంది కాబట్టి దానికి నష్టం లేదు. 50 హెర్ట్జ్ కరెంటు రొద మాత్రం తగ్గిపోతుంది. తీగ తెగితే మీటరు పై కొసకి పోయి ఫర్నేస్ ఆగిపోయేలా 10 మెగా ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి సరఫరా నుంచి ప్లస్ కాలికి కలిపాను.

చివరగా పెట్టె ముందు భాగాన ఒక చిన్న మీట పెట్టాను. నొక్కితే ఇన్‌పుట్ కొసలు రెండూ కలిసిపోతాయి. దాని కింద తెలుగులో రాసి అతికించాను: "ఏ భాగం మార్చినా ముందు ఇది నొక్కి సున్నా చూడాలి." ఆ కుర్రాడు మొదటిసారి అది నొక్కి, మీటరు చూసి, నా వైపు చూసి నవ్వాడు. ఆ మీట ఖరీదు టీ ఖర్చంత. నేను అప్పటినుంచి చేసిన ప్రతి పరికరంలోనూ అలాంటిదొకటి ఉంది.

విద్యార్థులకు రెండు మాటలు. ఇప్పుడు మీకు ఫోన్‌లోనే సర్క్యూట్లు నడిపి చూపించే ప్రోగ్రాములున్నాయి. వాడండి. అయితే బ్రెడ్‌బోర్డు మీద నిజంగా కట్టండి. కరెంటు ఇవ్వకముందే ఎంత రావాలో కాగితం మీద రాయండి. తరవాత కొలవండి. రెండింటికీ తేడా వస్తే ఆ తేడాని దాచకండి, దాని వెనకే వెళ్లండి. నాకు వచ్చిన విద్యలో ఎక్కువ భాగం అక్కడ దొరికిందే. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అంటే చెడ్డ మాట అనుకుంటారు. మన లెక్కల మాస్టారు పుస్తకం నిండా పెట్టిన ఎర్ర సున్నాలు అవే. అవి లేకపోతే మనం ఏదో ఒక గోడకి కొట్టుకుని అక్కడే ఉండిపోయేవాళ్లం.

సంఘానికి ఒక మనవి. కంప్యూటర్ల గది కట్టించాం, సంతోషం. ప్రయోగశాలలో ఒక బల్ల ఎలక్ట్రానిక్స్‌కి కేటాయిద్దాం. పది బ్రెడ్‌బోర్డులు, పది మల్టీమీటర్లు, ప్లస్-మైనస్ సరఫరాలు, గుప్పెడు రెసిస్టర్లు, వంద 741లు. కాలిపోయినా బాధ లేనంత చవక అవి. వాటి ఖర్చు నాది. ఏడాదికి రెండు వారాలు వచ్చి పిల్లలతో కూర్చునే పూచీ కూడా నాదే.

మన సైన్సు మాస్టారు ఇవాళ ముందు వరుసలో లేరు. పొద్దున ప్రయోగశాలలోకి వెళ్లి చూశాను. గాజు పెట్టె బీరువా మీద ఉంది. దుమ్ము తుడిచి త్రాసుని బల్ల మీద పెట్టాను. పళ్లేలు ఖాళీగానే ఉన్నాయి. ముల్లు ఇప్పటికీ ఒక గీత పక్కకే ఒరిగి ఉంది.